రక్తప్రసరణ లోపాలు – ఆహార నియమాలు, ప్రత్యామ్నాయ వైద్య విధానాల పాత్ర

వనపర్తి జిల్లా గోపాల్‌పేట ఒకనాటి సంస్థాన కేంద్రం. వేరుశనగ విరివిగా పండే ఈ ప్రాంతంలో రైతులు, కూలీలు దినమంతా నిలబడి లేదా వంగి పనిచేయవలసి ఉంటుంది. పొరుగున గద్వాలలో చేనేత కార్మికులు గుంట మగ్గంలో కాళ్లు వేలాడవేసుకుని గంటల తరబడి కూర్చుంటారు. ఇటువంటి వృత్తులలో కాళ్ల నొప్పి, వాపు సామాన్యమే. అయితే ప్రతి కాలినొప్పికీ కారణం ఒకటే కాదు.

రక్తప్రసరణ లోపం ప్రధానంగా రెండు విధాలు. గుండె నుంచి రక్తాన్ని తీసుకువెళ్లే ధమనులలో కొవ్వు పేరుకుని ఇరుకైనప్పుడు నడిచేటపుడు పిక్కలు పట్టేస్తాయి, ఆగితే నొప్పి తగ్గుతుంది. పాదాలు చల్లబడతాయి, పుండ్లు త్వరగా మానవు. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు ఇందుకు ముఖ్య కారణాలు. బీడీలు, సిగరెట్లు కాల్చేవారిలో పిన్న వయసులోనే వేళ్లు నల్లబడే బర్జర్ వ్యాధి కూడా ఈ కోవలోనిదే. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలలోని కవాటాలు బలహీనపడినప్పుడు మాత్రం సాయంత్రానికి కాళ్లు వాచి, నరాలు ఉబ్బి కనిపిస్తాయి. కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే ఉపశమనం లభిస్తుంది.

ఈ తేడా తెలియడం అత్యవసరం. సిరల వ్యాధికి ఉపకరించే బిగుతు మేజోళ్లు, ధమనులు ఇరుకైన కాలికి హాని చేయగలవు. మధుమేహం వలన స్పర్శ తగ్గిన పాదానికి వేడినీటి కాపడం పెడితే కాలిన సంగతి కూడా రోగికి తెలియదు. పసరు కట్టు కింద మరుగుపడిన పుండు కుళ్లి, చివరకు కాలు తీసివేయవలసిన స్థితికి దారితీయవచ్చు.

ఇక సూక్ష్మ రక్తనాళాల పెళుసుతనం వేరొక విషయం. రక్తనాళాల గోడలకు పటుత్వమిచ్చే కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి తప్పనిసరి. అది లోపిస్తే చిగుళ్ల నుంచి రక్తం కారడం, చర్మం కింద కమిలిన మచ్చలు ఏర్పడడం జరుగుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు స్కర్వీ సోకిన 12 మంది నావికులపై వేర్వేరు చికిత్సలు పరీక్షించగా, నారింజలు, నిమ్మకాయలు తిన్నవారు త్వరగా కోలుకున్నారు. 1936లో సెంట్ గ్యోర్గీ, రుస్జ్‌న్యాక్‌లు సూక్ష్మనాళాలను బలపరిచే పదార్థం మరొకటి ఉందని భావించి దానికి ‘విటమిన్ పి’ అని పేరు పెట్టారు. అవి ఫ్లేవనాయిడ్లు. నిజమైన విటమిన్లు కావని తేలడంతో ఆ పేరు తరువాత వాడుక తప్పింది. అయినప్పటికీ వాటిలో కొన్ని నేటికీ సిరల వ్యాధి చికిత్సలో మాత్రల రూపంలో ఉపయోగపడుతున్నాయి.

జొన్నరొట్టె, పల్లీల పచ్చడి బలవర్ధకమైనవే గాని వాటిలో విటమిన్ సి దాదాపు లేదు. 2020 నాటి జాతీయ సిఫారసుల ప్రకారం పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు అవసరం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా, పెద్ద ఉసిరికాయలో సుమారు 250 మిల్లీగ్రాములు లభిస్తాయి. పుల్లని చిన్న రాచ ఉసిరి వేరు. దానిని దీనికి బదులుగా ఎంచరాదు. ఉసిరి ఊరగాయలో మాత్రం ఉప్పు మోతాదు ఎక్కువ కనుక రక్తపోటు ఉన్నవారికి పచ్చికాయే మేలు. ఆకుకూరలను అధికసేపు ఉడికించి నీరు పారబోయడం వలన ఈ విటమిన్ చాలావరకు నష్టమవుతుంది.

ఆయుర్వేదంలో తెల్లమద్ది బెరడు హృద్రోగాలకు చిరకాలంగా వాడుకలో ఉంది. పాశ్చాత్య దేశాలలో హార్స్ చెస్ట్‌నట్ గింజల సారం సిరల వాపును కొంతకాలం తగ్గిస్తుందని 2012 నాటి కొక్రేన్ సమీక్ష పేర్కొన్నది. మూసుకుపోయిన ధమనిని తెరిచే మూలిక మాత్రం లేదు. అక్కడ పొగాకు మానడం, వైద్య పర్యవేక్షణలో క్రమం తప్పని నడక, మందులు, అవసరమైతే శస్త్రచికిత్సే మార్గాలు. వార్ఫరిన్ వాడుతున్నవారు వెల్లుల్లి మాత్రలు, మూలికలు సొంతంగా తీసుకొనరాదు; ఆకుకూరలు మానవలసిన పని లేదు గాని రోజువారీ పరిమాణం ఒకేలా ఉండాలి.

అకారణంగా మచ్చలు పడడానికి విటమిన్ లోపమే కాక డెంగీ, కాలేయ వ్యాధి, ప్లేట్‌లెట్ల తగ్గుదల కూడా హేతువులు కావచ్చు గనుక రక్తపరీక్ష తప్పనిసరి. ఒక కాలు అకస్మాత్తుగా వాచినా, చల్లబడి పాలిపోయినా, పాదంపై పుండు రెండు వారాలలో మానకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహ రోగులు ఎంత చిన్న పుండునైనా ఆలస్యం చేయక చూపించుకోవాలి. వనపర్తి జిల్లా కేంద్రంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.