రక్తములోని కావలివారు

1981వ సంవత్సరము జూన్ 5వ తేదీన అమెరికా ప్రభుత్వ వైద్యపత్రిక యొకటి లాస్ ఏంజిలీసు నగరమునందలి యైదుగురు యువకుల వ్యాధిని గూర్చి ప్రకటించెను. అంతవఱకు ఆరోగ్యవంతులై యుండిన వారికి అరుదైన యొక న్యుమోనియా వచ్చెను. వారిలో నిద్దఱు మరణించిరి. ఎయిడ్స్ వ్యాధిని గూర్చి వెలువడిన మొదటి వార్త యిదియే. దానికి మూలమగు హెచ్.ఐ.వి.ని 1983లో పారిసునందలి పాస్టర్ సంస్థవారు కనుగొనిరి.

ఆ న్యుమోనియాను గలిగించునది న్యుమోసిస్టిస్ అను బూజుజాతి సూక్ష్మజీవి. ఇది గాలివలన వ్యాపించును. మనలో పెక్కుమంది పసితనముననే దీనిని పీల్చియుందుము; ఐనను మనకు గొప్ప జబ్బేమియు రాదు. శత్రువును గుర్తించి పట్టుటకై శరీరము రక్తమున సిద్ధపఱచు పదార్థములను ప్రతిరక్షకములందురు. ఈ బూజును పట్టు ప్రతిరక్షకములు చిన్నపిల్లల రక్తమునందును అగపడుచున్నవి.

హెచ్.ఐ.వి. సోకినవారియందును ఇవి కలవు. అట్లయిన వారికి జబ్బేల రావలెను? పూర్వము గ్రామమున తలారు లెందఱున్నను, వారిని నడపు మునసబు లేనియెడల ఊరు కొల్లపోయెడిది. మన రక్తమున సి.డి.4 అను కణములే మునసబులు. ప్రతిరక్షకములను చక్కగా తయారుచేయించునవియు, బూజును మ్రింగు కణములను పురికొల్పునవియు నవియే. హెచ్.ఐ.వి. వానినే నాశనము చేయును. ఘనమిల్లీమీటరు రక్తమున నవి 200 కంటె తగ్గినచో ఈ న్యుమోనియా భయము మెండగును.

మఱియొక చిక్కు కలదు. ఈ బూజు పగటివేషగానివలె తన పైపొరయందలి ప్రొటీనును మార్చుచుండును. నిన్నటి వేషము నెఱిగిన ప్రతిరక్షకము నేటి వేషమును బోల్చుకొనలేకపోవచ్చును. అయితే కెక్సిన్ అను వేఱొక ప్రొటీనునకు ప్రతిరక్షకములు హెచ్చుగా గల హెచ్.ఐ.వి. రోగులకు ఈ జబ్బు తక్కువగా వచ్చినట్లు కొన్ని పరిశోధనలయందు కనబడినది. టీకాను కనుగొనగోరు శాస్త్రజ్ఞుల కిది యొక యాశ.

అంతవఱకు చేయదగిన దేమి? రక్తపరీక్షవలన హెచ్.ఐ.వి.ని ముందే తెలిసికొని, మందులు విడువక పుచ్చుకొన్నచో సి.డి.4 కణములు మరల పెరుగును. అవి పెరుగువఱకు కోట్రైమోక్సజోల్ మాత్రలు ఈ న్యుమోనియాను రానీయవు. హెచ్.ఐ.వి. మందులను మన దేశమున 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా నిచ్చుచున్నారు.

హెచ్.ఐ.వి. తాకుటవలనగాని, సహపంక్తి భోజనమువలనగాని అంటదు. కావున రోగిని వెలివేయుట అజ్ఞానము. వెలికి జడిసి పరీక్షకు పోనివారే ఈ బూజునకు సులభముగా చిక్కుదురు. వారి భయమును పోగొట్టుటయే మనమందఱము చేయగల సహాయము.