చర్మం కింద టిచ్ బటన్లు

పిల్లలూ, దీపావళికో, భోగికో అమ్మో, అమ్మమ్మో నలుగు పెట్టి ఒళ్ళంతా బరబరా రుద్దుతారు కదా! (ఇక్కడి చలికి భయపడి మానేసిన ఇళ్ళూ ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.) సున్నిపిండితో పాటు ఉండలు ఉండలుగా రాలేది ఒక్క మట్టే కాదు, కాలం తీరిన చర్మ కణాలు కూడా. మరి అంత గట్టిగా రుద్దినా అసలు చర్మం ఎందుకు ఊడిరాదు?

చర్మం దుప్పటిలా ఒకే గుడ్డ కాదు. విడివిడి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ పొర. ఇలాంటి పొరను ఎపిథీలియం అంటారు. పేగుల లోపల, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో కూడా ఇదే ఉంటుంది. ఆ పట్టు ఎలాంటిదో 1963లో మెరిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడే అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి వివరంగా రాశారు. పక్కపక్క కణాల మధ్య ఒకటి కాదు, మూడు రకాల బంధాలు ఒక వరసలో కనిపించాయి.

అన్నిటికన్నా పైన జిప్‌లాక్ సంచీ మూతిలా బిగుసుకున్నది టైట్ జంక్షన్. మీరు తిన్న పులిహోరలోని సారం కణం గుండా లోపలికి పోవాలి గానీ, సందుల్లోంచి ఇష్టం వచ్చినట్టు జారిపోవడానికి వీల్లేదు. మా ఐటీ వాళ్ళ ఫైర్‌వాల్ లాంటిది. అలాగని అన్నిటినీ ఆపదు, కొంత నీటినీ, కొన్ని లవణాలనూ పోనిస్తుంది. దాని కింద లంగా బొందులా కణం నడుము చుట్టూ తిరిగే పట్టీ ఇంకొకటి. ఇందులోని క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కు కాల్షియం ఉంటేనే పట్టు. ప్రయోగశాలలో కాల్షియం తీసేస్తే చేతులు వదిలేసినట్టు కణాలు విడిపోతాయి.

మూడోది డెస్మోజోమ్. నాకు బాగా నచ్చింది ఇదే. పాపాయిల గౌన్లకు కుట్టే టిచ్ బటన్లు చూశారా? ఒక సగం ఇటు, ఒక సగం అటు, టిక్కున నొక్కితే అతుక్కుంటాయి. డెస్మోజోమ్ అచ్చం అంతే. బటన్ వెనక కణం లోపల కెరాటిన్ తాళ్ళు కట్టి ఉంటాయి. మన జుట్టూ, గోళ్ళూ తయారయ్యేది ఆ జాతి ప్రోటీన్‌తోనే. ఒకచోట లాగితే ఆ బరువు తాళ్ళ వెంట పక్క కణాలన్నిటికీ పంచుకుపోతుంది.

ఇవి గాక గ్యాప్ జంక్షన్లని సన్నని గొట్టాలుంటాయి. పెరటి గోడ మీదుగా పక్కింటికి పచ్చడి గిన్నె అందించినట్టు, వీటిలోంచి చిన్న చిన్న అణువులు దాటతాయి. ప్రోటీన్ల వంటి పెద్దవి దాటవు.

బటన్లే ఎందుకు, శాశ్వతంగా కుట్టేస్తే పోలేదా అని అడగొచ్చు. దెబ్బ తగిలినప్పుడు చుట్టుపక్కల కణాలు పట్టు సడలించి, పాకుతూ వచ్చి ఆ ఖాళీని కప్పాలి. పై వరసలో కణాల పని అయిపోయాక ఎంజైములు బటన్లు కత్తిరిస్తేనే అవి రాలతాయి. నలుగులో వచ్చేవి అవే.

కణాలు పక్కవాళ్ళను పట్టుకుంటే సరిపోదు, కింద నేలనూ పట్టుకోవాలి. అడుగు వరస కణాల కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చని చాప ఉంటుంది. కణాన్ని దానికి బిగించేది హెమిడెస్మోజోమ్. హెమి అంటే సగం. చూపుకు సగం టిచ్ బటనే గానీ లోపలి సామాను వేరు. ల్యామినిన్-332 అనే ప్రోటీన్ జిగురులా పనిచేస్తుంది. చాపకు కింద కొలాజెన్-7 పోగులు షామియానా తాళ్ళలా దిగువ కణజాలంలోకి దిగి ఉంటాయి.

ఈ సామానులో ఏ ఒక్కటి పుట్టుకతో లోపించినా చర్మం నిలవదు. బట్ట రాసుకున్నా బొబ్బలు లేస్తాయి. ఈ జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోజా. రెక్క ముట్టుకుంటే చెదిరే సీతాకోకచిలుకతో పోల్చి, ఈ పిల్లల్ని సీతాకోకచిలుక పిల్లలంటారు. తీవ్రమైన రకాల్లో కట్లు మార్చడానికే గంటలు పడుతుంది. మీ క్లాసులో అలాంటి నేస్తం ఉంటే భయపడకండి, ఇది అంటుకునే జబ్బు కాదు. చెయ్యి పట్టుకుని లాగకుండా, ఎలా ఆడుకుందామో ఆ నేస్తాన్నే అడగండి.

పెద్దలకొక మాట. ల్యామినిన్ లోపంతో వచ్చే రకంలో సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యు కాపీలూ పాడైనవే బిడ్డకు అందాలి. అమ్మానాన్నలకు ఏ లక్షణమూ కనబడదు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి బంధువులిద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి మేనరికాలు చేసుకునే మన కుటుంబాలు, ముఖ్యంగా ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్ళు, జన్యు నిపుణుల సలహా తీసుకోవడం మంచిది. కడుపుతో ఉండి గ్రహణం చూసిందని కోడలిని ఆడిపోసుకోవడం మాత్రం శుద్ధ అన్యాయం.

2015లో జర్మనీలోని బోఖుమ్ ఆసుపత్రికి సిరియా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని ఏడేళ్ళ బాబును తెచ్చారు. అతనిలో లోపించింది ల్యామినిన్-332. ఒంటిమీద చర్మం చాలావరకు పోయింది. ఇటలీలోని మోడెనాలో మికేలే డి లూకా బృందం ఆ బాబు చర్మంలోంచి సుమారు 4 చదరపు సెంటీమీటర్ల ముక్క తీసుకుంది. పాడైన ఫైలు స్థానంలో మంచి కాపీ ఎక్కించినట్టు, వైరస్ సాయంతో కణాల్లోకి సరైన జన్యువును పంపి, వాటిని పెద్ద పెద్ద పొరలుగా పెంచింది. 2015 అక్టోబరు నుంచి 2016 జనవరి దాకా బోఖుమ్‌లో ఆ పొరల్ని ఒంటిమీద దాదాపు 80 శాతం మేర అతికించారు. నలుగురి పిల్లల్లాగే బాబు మళ్ళీ బడికి వెళ్ళాడు, బంతి ఆడాడు.

కొలాజెన్-7 లోపించిన రకానికి ఇక్కడ అమెరికాలో 2023 మే నెలలో పుండ్ల మీద రాసే జన్యు జెల్‌నూ, 2025 ఏప్రిల్‌లో జన్యువు సరిచేసిన చర్మపు పొరలనూ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఖరీదు మాత్రం సామాన్యులకు అందేది కాదు.

బోఖుమ్ బాబును అయిదేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి 2021లో వైద్యులు వివరాలు ప్రచురించారు. అతికించిన చర్మం నిలిచింది, అక్కడ బొబ్బలు లేవు. అతికించకుండా వదిలిన కొద్ది చోట్ల మాత్రం ఇంకా వస్తున్నాయని రాశారు.