బిగుసుకున్న స్టీరింగు: సుత్తి కన్న ముందు ఓర్పు

వర్షాకాలమంతా కొట్టంలోనో చెట్టు కిందనో నిలిచి ఉన్న ట్రాక్టరును చెరకు కోతల వేళ బయటకు తీసినప్పుడు బగ్దల్ పరిసరాల రైతులకు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. ఇంజను తేలికగానే అందుకుంటుంది. స్టీరింగు మాత్రం మొండికేస్తుంది. బలవంతంగా తిప్పితే మూలుగుతూ తిరుగుతుంది, మలుపు దాటిన తరువాత చక్రం తనంతట తాను తిన్నబడదు. కొందరు దీనిని పట్టించుకోక, రెండు రోజులు నడిస్తే అదే సర్దుకుంటుందని రోడ్డెక్కుతారు. నిండు ట్రాలీతో పోతున్న బండికి ఎదురుగా బడిపిల్లల ఆటో వచ్చినప్పుడు చక్రం అరక్షణం ఆలస్యంగా తిరిగితే జరిగే నష్టానికి వెల కట్టగలవారు లేరు. కనుక బిగుసుకున్న భాగాలను ఎట్లా విడదీయాలో, ఎంతవరకు ఇంటి వద్ద చేయవచ్చునో, ఎక్కడ ఆగిపోవాలో తెలిసి ఉండడం అవసరం.

తుప్పు చేసే పని

ఇనుము నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి తుప్పుగా మారినప్పుడు, తాను ముందు ఆక్రమించిన చోటుకు రెండు రెట్లకు పైగా చోటు కోరుతుంది. గట్టిగా అమరిన రెండు భాగాల నడుమ ఆ అదనపు చోటు ఉండదు. అందుచేత తుప్పు రెండింటినీ ఒత్తి పట్టి, దిగగొట్టిన మేకు వలె బిగిస్తుంది. దీనికి ఎండిన గ్రీజు, దానిలో కలిసిన మట్టి తోడైతే భాగాలు ఒకే లోహమైనట్లు అతుక్కుంటాయి. అటువంటి చోట బలం చూపితే విరిగేది తుప్పు కాదు, భాగమే.

ఏది బిగుసుకున్నదో ముందు తెలుసుకోవాలి

స్టీరింగు బరువైనదని తెలియడం వేరు, లోపం ఎక్కడ ఉన్నదో తెలియడం వేరు. ట్రాక్టరును చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందు వెనుకల అడ్డు పెట్టాలి. ముందు ఇరుసును జాకీతో లేపి, బలమైన స్టాండుల మీద గాని మందపు కొయ్య దిమ్మల మీద గాని ఆనించాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకు దూరకూడదు. ఇటుకలు ఒక్కసారిగా పగులుతాయి కనుక వాటిని ఎన్నడూ వాడరాదు.

చక్రాలు గాలిలో ఉన్నప్పుడు కూడ స్టీరింగు బరువుగానే తిరిగితే టై రాడ్డును ఒక చివర విడదీసి ఒక్కొక్క చక్రాన్ని చేతితో తిప్పి చూడాలి. ఏ చక్రం తిరగనంటుందో ఆ వైపు కింగ్ పిన్ను బిగుసుకున్నదని అర్థం. రెండు చక్రాలూ తేలికగా తిరిగితే లోపం బాల్ జాయింటులోనో, స్టీరింగు బాక్సులోనో, దాని కడ్డీలోనో ఉంటుంది. పవర్ స్టీరింగు ఉన్న బండ్లలో నూనె ఒత్తిడి ఈ బిగువును కొంతకాలం కప్పిపుచ్చుతుంది. అందుచేత వాటి యజమానులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

టై రాడ్ చివరను విడదీసే పద్ధతి

బాల్ జాయింటు కాడ ఒక వైపు సన్నగిల్లుతూ స్టీరింగు ఆర్ము రంధ్రంలో చీల వలె కూర్చుంటుంది. దానిని పట్టి ఉంచేది నట్టు ఒక్కటే కాదు, ఆ చీల పట్టు కూడ. ముందుగా మట్టిని తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, స్ప్లిట్ పిన్ను తీసివేయాలి. తుప్పు కరిగించే నూనెను కీలు చుట్టూ వేసి, వీలైతే ఒక రాత్రంతా విడిచిపెట్టాలి. నూనె సన్నని సందుల లోనికి తనంతట తాను పాకుతుంది, కాని దానికి వేళ కావాలి. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారై నేడు ఊరి దుకాణాలలో సైతం దొరికే డబ్ల్యూడీ 40 వంటిది వాడవచ్చు. అది లేనప్పుడు డీజిలులో కొద్దిగా ఇంజను నూనె కలిపి వాడేవారూ ఉన్నారు.

మరునాడు నట్టును కొన్ని చుట్లు వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. కీలు ఒక్కసారిగా ఊడినప్పుడు భాగాలు మీద పడకుండ ఆ నట్టే కాపాడుతుంది. తరువాత ఆర్ము కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టి, రెండవ పక్క మరొక సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు వేయాలి. ఆ అదురుకు కన్ను క్షణకాలం సాగి చీల పట్టు వదులుతుంది. కాడ కొనపై కొట్టడం తగదు. కొట్టితే మర చెడిపోయి నట్టు మళ్ళీ ఎక్కదు. రెండు కొమ్ముల చీలతో తీయవచ్చును గాని అది రబ్బరు తొడుగును చింపుతుంది. పుల్లరు దొరికితే అన్నిటికన్న మేలు.

టై రాడ్ గొట్టం లోపలి మరలు పట్టుకున్నప్పుడు మరొక మెలకువ అవసరం. చాలా బండ్లలో ఒక చివర కుడిమర, మరొక చివర ఎడమమర ఉంటుంది. దీనిని గమనించక తిప్పితే వదులు కావలసినది మరింత బిగుస్తుంది. విప్పే ముందు సుద్దతో గుర్తు పెట్టి, ఎన్ని చుట్లు తిరిగినదో లెక్క రాసుకోవాలి. చక్రాల వరుస తిరిగి సరిపడడానికి ఆ లెక్కే ఆధారం.

వేడి చేయవచ్చునా?

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది, అయితే ఆ వ్యాకోచం స్వల్పం. 25 మిల్లీమీటర్ల రంధ్రం 100 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.03 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. తుప్పు పట్టును వదిలించడానికి అది చాలు. ఎర్రగా కాల్చవలసిన పని లేదు. ఎర్రగా కాలిన స్టీరింగు ఆర్ము తన బలాన్ని కోల్పోతుంది. పైకి చక్కగా కనిపిస్తూనే, ఒకనాడు బరువు కింద విరుగుతుంది. డీజిలు గొట్టాలకు, గ్రీజు నిండిన మూసి ఉన్న బాల్ జాయింటుకు మంట తగలనీయరాదు. లోపలి గ్రీజు మరిగి అది పేలవచ్చు. అప్పుడే నూనె పోసిన చోట మంట పెట్టడం మరింత ప్రమాదం.

కింగ్ పిన్ను విషయం

కింగ్ పిన్నులు బిగుసుకోవడానికి ముఖ్యకారణం గ్రీజు అందకపోవడమే. బండి బరువు చక్రాల మీద ఉండగా గ్రీజు కొట్టితే బరువు మోసే వైపుకు అది చేరదు. కనుక ఇరుసు లేపి ఉన్నప్పుడే కొట్టాలి. గ్రీజు లోనికి పోకుంటే నిపులును విప్పి, దారిలో గట్టిపడిన మట్టిని సన్నని తీగతో తీసి, పలుచని నూనె పోసి చక్రాన్ని ఇటూ అటూ మెల్లగా ఆడించాలి. తరువాత కొత్త నిపులు పెట్టి, నల్లని పాత గ్రీజు పోయి శుభ్రమైనది బయటకు వచ్చేవరకు కొట్టాలి. అప్పటికీ కదలకుంటే ఇంటి పని అక్కడితో ముగిసినట్లే. పిన్నును ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులోనే తీయించాలి.

తిరిగి బిగించునప్పుడు

అరిగిన బాల్ జాయింటును మార్చవలసిందే. స్టీరింగు భాగాలకు వెల్డింగు చేయించడం ప్రాణాలతో చెలగాటం. క్యాజిల్ నట్టును చెప్పిన మేరకు బిగించిన తరువాత రంధ్రం కలవకుంటే తదుపరి గాడి వరకు మరికొంత బిగించాలే గాని, వెనుకకు వదులు చేయకూడదు. స్ప్లిట్ పిన్ను ప్రతిసారి కొత్తదే వాడాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 98వ నియమం కూడ ఇదే కోరుతున్నది. స్టీరింగు చక్రం ఖాళీగా ఆడేది 30 డిగ్రీలకు మించరాదు, బాల్ జాయింటులకు రబ్బరు తొడుగులు ఉండాలి, పిన్నులు జారకుండ భద్రపరచి ఉండాలి.

అన్నీ అమర్చిన పిదప స్టీరింగును ఈ కొస నుండి ఆ కొస వరకు తిప్పి చూచి, ఖాళీ పొలంలో ట్రాలీ లేకుండ మెల్లగా నడిపి, నట్టులను మరొకసారి పరీక్షించాలి. ఆ తరువాతనే రోడ్డు.

1956 నవంబరు 1 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అందుచేత ఇక్కడి రైతు నోట తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. తెలుగువారు తుప్పు అన్న దానిని కన్నడిగులు తుక్కు అంటారు. తెలుగులో తుక్కు అంటే పనికిరాని ఇనుము. ఈ రెండు భాషలూ తెలిసిన రైతుకు వేరుగా హెచ్చరిక అక్కరలేదు. ఇక్కడి తుక్కును సకాలంలో గ్రీజుతో ఆపకుంటే, అది అక్కడి తుక్కు కావడానికి ఎంతో కాలం పట్టదు.