ఆటలో ఇచ్చిన మాట

స్నేహితులు బల్ల చుట్టూ కూర్చొని పొత్తులు కుదుర్చుకొని, అదను చూసి ఒకరినొకరు వెన్నుపోటు పొడుచుకొనే ఆటలు మన యౌవనస్థుల మధ్యకూ వచ్చాయి. మాట తప్పితే గెలిపించే ఆటను విశ్వాసి ఆడవచ్చా? జవాబుకు ముందు ఆట సంగతి తెలుసుకుందాం.

వీటిలో పేరుపొందినది 'డిప్లొమసీ'. అమెరికావాడైన అలన్ కాల్హామర్ రూపొందించగా 1959లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఐరోపా పటం మీద ఏడుగురు ఏడు రాజ్యాలను నడుపుతారు. పాచికలుండవు. సేనలన్నిటికీ ఒకటే బలం. ఇంకో సేన మద్దతు లేనిదే ఎదుటి సేనను కదిలించలేరు. మొదట్లో ఒక్కొక్కరికి మూడో నాలుగో సేనలే గనుక పొరుగువాని సాయం కావాలి. అందుకే ముందు మంతనాలు. తర్వాత ఎవరి ఆజ్ఞలు వారు రహస్యంగా రాస్తారు, అన్నీ ఒకేసారి విప్పుతారు. నోటితో ఏమి చెప్పినా చెల్లేది కాగితం మీదిదే. 34 కేంద్రాల్లో 18 దక్కించుకున్నవాడు విజేత. ఇద్దరు మిత్రులు చెరిసగం పంచుకుంటే 17 చొప్పునే వస్తాయి! ఒంటరిగా గెలవాలంటే పొత్తు తెగవలసిందే. అయితే మిగిలినవారందరూ ఒప్పుకొని సమంగా ముగించే వీలూ ఉంది.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒకవైపు చూసి మరోవైపు తాకితే అబద్ధికుడని ఎవరూ అనరు. ఇక్కడ కూడా పొత్తు తెగవచ్చునని అందరికీ తెలిసే కూర్చుంటారు. కాబట్టి ఈ ఆటను పాపమని మేము తీర్పు తీర్చము.

కానీ ఒక తేడా ఉంది. కబడ్డీలో పనిచేసేది కాలూ చెయ్యీ. ఇక్కడ పనిచేసేది మాట. "మన స్నేహం మీద ఒట్టు," "దేవుని తోడు, నిన్ను విడవను" అని ఒకడు నమ్మించాడనుకోండి. అతడు ఆటకు చెందని దానిని పందెం ఒడ్డాడు. అది తప్పే.

యెహోషువ 9వ అధ్యాయంలో గిబియోనీయులు పాత గోనెలు, బూజుపట్టిన రొట్టెలు చూపించి, మోసంతో ప్రమాణం చేయించుకున్నారు. మూడు దినాలకే గుట్టు బయటపడింది. అయినా ఇశ్రాయేలు ప్రధానులు వారిని చంపనివ్వలేదు. ప్రమాణం యెహోవా నామమున చేసినది. తరువాత సౌలు దానిని మీరితే, దావీదు కాలంలో మూడేండ్లు కరవు వచ్చిందని 2 సమూయేలు 21 చెబుతుంది. మోసపోయి ఇచ్చిన మాటకే అంత విలువైతే, మోసగించడానికి దేవుని పేరు ఎత్తవచ్చా?

కనుక ఆడేవారికి మా సలహా ఇది. ఆటలోని మాట ఆటవరకేనని మొదలుపెట్టకముందే చెప్పుకోండి. దేవుని నామాన్ని, కుటుంబాన్ని, స్నేహాన్ని ప్రమాణానికి వాడకండి. ఆట ముగిశాక ఎవరి ముఖమైనా చిన్నబోతే, ఇంటికి వెళ్లకముందే అతనితో మాట్లాడండి; సమాధానపడటం అర్పణకంటే ముందని ప్రభువు మత్తయి 5లో నేర్పాడు. మనసు నొచ్చుకొని ఆడనన్నవానిని ఎగతాళి చేయకండి.

రేపు అదే స్నేహితుడు తన కష్టం మీతో చెప్పుకోవలసి వస్తుంది. అప్పుడు మీ మాట మీద అతనికి నమ్మకం మిగిలి ఉంటే, ఆట ఆటగానే జరిగినట్టు.