రెండు ఘన్‌పూర్‌లు, ఒక ఇంజన్

స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే, పట్టాలకు సుమారు 18 అడుగుల పైన చిటికెన వేలంత రాగి తీగ కనిపిస్తుంది. అందులో 25,000 వోల్టుల కరెంటు. రైలింజన్ నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్ ఆ తీగను ఒరుసుకుంటూ పోతుంది. ఒరుసుకునే చోట బిగించింది కార్బన్ పట్టీ. అరిగితే అదే అరగాలి, తీగ అరగకూడదు.

స్టేషన్ బయట వరుసగా ఆగి ఉన్న ఆటోల లెక్క వేరు. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధర మీద అదుపు వదులుకుంది. 2017 జూన్ నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు 100 రూపాయలు దాటింది. దేశానికి కావలసిన ముడిచమురులో 100కి 85 పాళ్లకు పైగా బయటినుంచే రావాలి. ఎక్కడో గల్ఫ్‌లో గొడవైతే ఇక్కడ చిల్పూర్ గుట్టకు పోయే ఆటో కిరాయి మీద పడుతుంది. అదే స్టేషన్‌లో ఆగే రైలుకు ఆ దెబ్బ అంతగా తగలదు.

ఈ దారిలో మొదట తిరిగింది ఆవిరింజన్. నిజాం రైల్వే 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. సింగరేణి బొగ్గుకు దారి దొరికింది. అయితే బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా చక్రాలకు అందేది కాదు. మిగిలిందంతా పొగగొట్టం పాలే.

తర్వాత డీజిల్ వచ్చింది. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ ఇంజన్లు దిగాయి, 1964 నుంచి అవే వారణాసిలో తయారయ్యాయి. ఒక్కోదానికి 2,600 హార్స్ పవర్. పేరుకు డీజిల్ ఇంజన్ గానీ, దాని చక్రాలను తిప్పేది కరెంటే. 16 సిలిండర్ల ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. సొంత పవర్‌హౌస్‌ను, దానికి కావలసిన నూనెనూ వీపున మోస్తూ తిరిగే కరెంటు బండి అది! పవర్‌హౌస్‌ను దింపేసి పైన తీగ కడితే చాలు. వారణాసిలో నిజంగానే ఆ పని చేశారు. రెండు పాత డీజిల్ ఇంజన్లను విప్పి, జోడు ఎలక్ట్రిక్ ఇంజన్‌గా మార్చారు. 10,000 హార్స్ పవర్ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో అది పట్టాలెక్కింది.

మరి తీగలోకి కరెంటు ఎక్కడిది? భూపాలపల్లి వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది, కోటగుళ్లున్న గణపురం. ఆ మండలంలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం నడుస్తోంది. 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. గ్రిడ్‌లో కలిశాక ఏ కరెంటు ఎక్కడిదో విడదీయలేం. కానీ ఆవిరింజన్ తిన్న బొగ్గే మళ్లీ రైలును లాగుతోందన్నది నిజం. ఇప్పుడు ఆ వేడిలో మూడో వంతుకు పైగా కరెంటవుతోంది. ఇది మెరుగే, కానీ పొగ పోలేదు. అందుకే రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద తేలుతున్న 100 మెగావాట్ల సోలార్ పలకల మీద ఆశ పెట్టుకోవాలి. 2022 జూలై 1 నుంచి అవి పూర్తిగా పనిచేస్తున్నాయి. తీగకు బొగ్గయినా ఎండయినా ఒకటే, ఇంజన్‌లో ఒక్క బోల్టు మార్చనక్కర్లేదు.

ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్లలో ఇంకో సుగుణం ఉంది. డ్రైవర్ బ్రేకు వేయగానే మోటార్లే జనరేటర్లవుతాయి, రైలు ఊపు కరెంటై తీగలోకి తిరిగి పోతుంది.

ఆ ఇంజన్‌లో ఉన్నది ఇండక్షన్ మోటారు. కొన్ని ఎలక్ట్రిక్ ఆటోల్లోనూ ఉండేది ఆ రకమే, కాకపోతే చిన్నది. ఆటోకు తీగ లేదు, బ్యాటరీ మోసుకుపోవాలి. స్టేషన్ బయట నాలుగు ఛార్జింగ్ ప్లగ్గులుంటే, మధ్యాహ్నం బండ్లు లేని వేళ ఆ ఆటో నీడపట్టున నిలబడే కడుపు నింపుకుంటుంది. సాయంత్రం బండి దిగినవాళ్లను గుట్ట దాకా చేర్చి రాగలుగుతుంది.