నర్సుల రాత్రివిధి – హృదయారోగ్యము

రాయచూరులో 2007వ సంవత్సరమున ప్రభుత్వ వైద్యకళాశాల నెలకొన్నది. ఈ పట్టణమున రోగి తన బాధను కన్నడమున జెప్పినను, తెలుగున జెప్పినను, ఉర్దూలో జెప్పినను ముందుగా వినునది నర్సే. ఆమె గుండెను గూర్చి విచారించువారు అరుదు.

శ్రమ యెక్కువైనంతమాత్రమున గుండె చెడదు. పని అధికమై, దానిని తన యిచ్చమేరకు నడుపుకొను స్వాతంత్ర్యము కొఱవడినపుడే వత్తిడి హెచ్చునని కెరాసెక్ అను విద్వాంసుడు 1979లో ప్రతిపాదించెను. ఏ ఆస్పత్రియందైనను నర్సు స్థితి యిదియే: రోగులు పెరిగినను కాదనరాదు, మందు మార్చు నధికారము లేదు, ఆలస్యమైనచో బంధువుల కోపము మాత్రము ఆమెపైననే.

దీనికి రాత్రి డ్యూటీ తోడగును. సహజముగా నిద్రలో రక్తపుపోటు తగ్గును. మేలుకొన్నవారికి ఆ విశ్రాంతి లభింపదు. అమెరికాలో 1976లో ఆరంభమైన నర్సుల ఆరోగ్య పరిశోధనలో 1,21,700 మంది చేరిరి. ఆ సమాచారముపై 1995లో వెలువడిన వ్యాసము, ఆఱేండ్లు లేక అంతకు మించి వంతులవారీగా రాత్రిపని చేసినవారికి హృద్రోగభయము సుమారు ఒకటిన్నర రెట్లని తెల్పినది. 2016 నాటి పరిశీలనలో ఆ పెరుగుదల అంతకంటె స్వల్పముగా కన్పట్టినది. రాత్రిపని మానిన పిదప కాలము గడచినకొలది భయము తగ్గుననియు తేలినది. ఇది ఊరట గల్గించు విషయము.

స్త్రీలలో గుండెపోటు ఛాతీనొప్పిగానే గాక దవడనొప్పి, వీపునొప్పి, ఆయాసము, అకారణమైన అలసట రూపమునను రావచ్చును. రాత్రంతయు నిలిచి పనిచేసిన స్త్రీ అలసటను అలసటయనియే యెంచును గదా! నా తరగతి బాలిక తల్లి యొకరు నర్సు. దినదినము ఎందఱి రక్తపుపోటునో కొలుచు నామె, తనది చూచుకొని రెండేండ్లయినదని నవ్వుచు జెప్పినది.