ఆశా వస్తే.. గుమ్మంలోంచే పంపేయొద్దు!

కాన్పయి, బిడ్డతో ఇంటికి చేరగానే ఆశా కార్యకర్త తలుపు తడతారు. ‘మాకు పిల్లల డాక్టరున్నార్లెండి’ అని బయటి నుంచే సాగనంపేస్తున్నారా? ఆమె ఏం నేర్చుకుని మీ ఇంటికొచ్చారో తెలిస్తే లోపలికి పిలిచి కూర్చోబెడతారు.

20 రోజుల శిక్షణ

2005లో గ్రామాల్లో మొదలైన ఆశా వ్యవస్థ, 2013లో వచ్చిన పట్టణ ఆరోగ్య మిషన్‌తో బస్తీలకూ చేరింది. తల్లీబిడ్డల సంరక్షణ నైపుణ్యాలపై వీరికి నాలుగు విడతల్లో 20 రోజులు శిక్షణ ఉంటుంది. పాఠం వింటే సరిపోదు. చేతులు కడగటం, బిడ్డను తూచటం, చంకలో థర్మామీటరు పెట్టి చూడటం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టటం.. అన్నీ చేసి చూపించాలి.

ఎలా మాట్లాడాలన్నదీ శిక్షణలో భాగమే. ముందు తల్లి చెప్పేది వినాలి. సరిగా చేస్తున్నవి మెచ్చుకోవాలి. ఆ తర్వాతే సలహా. ‘అర్థమైందా?’ అంటే ఎవరైనా తలూపేస్తారు. అందుకే ‘ఎలా చేస్తారో చెప్పండి’ అని అడగటం మేలు.

ఎప్పుడెప్పుడు వస్తారు?

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా. నెలలోపు శిశు మరణాల్లో నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే సంభవిస్తాయి. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ ఆ తర్వాతెప్పుడో ఉండొచ్చు. ఆలోపు బిడ్డను చూసే కళ్లు ఆమెవే.

మీరేం చేయాలి?

* డిశ్చార్జి కాగితాలు, తల్లీబిడ్డల కార్డు చూపించండి.
* అమ్మమ్మ, నానమ్మలనూ పక్కన కూర్చోబెట్టండి. బొడ్డుకు పసుపు, పౌడరు వంటివేవీ రాయొద్దని వారూ నేరుగా వింటారు.
* ఆమె చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. పొరపాటుంటే అక్కడే సరిదిద్దుతారు.
* ఆమె డాక్టరు కాదు. మందులు మార్చటం, మోతాదు పెంచటం వంటివి డాక్టరునే అడగండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

బిడ్డ పాలు తాగకపోవటం, ఒళ్లు కాలిపోవటం లేదా చల్లబడటం, నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీయటం, డొక్కలు ఎగరేయటం, ఫిట్స్ రావటం, కదలిక తగ్గటం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆశా కోసం ఎదురుచూడొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.